సంతనుండి రైతుబజారు వఱకు

మన తెలుగునాట కొన్ని ఊళ్ల పేరులే చరిత్రగ్రంథపు మొదటి పుటలు. ఉత్తరమున సంతబొమ్మాళి, సంతకవిటి, ఒంగోలు వైపున సంతనూతలపాడు, సంతమాగులూరు, నెల్లూరిలోను ఒంగోలులోను సంతపేటలు, ఏలూరు చెంత శనివారపుపేట, కర్నూలులో బుధవారపేట, హైదరాబాదులో జుమేరాత్ బజారు. ఇవి విజయస్తంభములపై చెక్కించిన పేరులు కావు. వారమున కొకనాడు చుట్టుప్రక్కల పల్లెజనము గంపలు దించుకొని కూర్చుండిన తావులు. చాలచోట్ల గంపలు లేచిపోయినవి. పేరు మాత్రము నిలిచినది.

నేను 20 ఏండ్లకు పైగా పిల్లలకు చరిత్ర చెప్పుచున్నాను. మా పాఠ్యపుస్తకములలో యుద్ధములున్నవి, పట్టాభిషేకములున్నవి, శిస్తుల లెక్కలును కొన్ని ఉన్నవి. తోటకూరకట్ట ఎవరు తెచ్చిరి, ఎంత కమ్మిరి, ఆ సొమ్ములో వారి ముంగిటికి చేరిన దెంత అను ప్రశ్నకు వానిలో తావు లేదు. ఒకనాడు ఎనిమిదవ తరగతి బాలిక యొకతె లేచి, “మాస్టారూ, కాకతీయులనాడు మిరపకాయలు లేవంటిరి గదా, మఱి గోంగూరపచ్చడి యెట్లు చేసికొనిరి?” అని యడిగినది. తరగతియంతయు నవ్వినది. ఆ బాలిక అడిగినదే అసలైన చరిత్రప్రశ్న యని నాకు తోచినది. ఈ వ్యాసమునకు కారణము ఆ ప్రశ్నయే.

సమాధానము వంటయింటిలోనే ఉన్నది. మిరపకాయ పేరులోనే మిరియము దాగియున్నది. 1498లో వాస్కో డ గామా కళ్లికోటకు చేరిన పిమ్మట పోర్చుగీసువారి ఓడలవెంట అమెరికాఖండపు మొక్కలు మన రేవులలో దిగినవి. అందు మిరప యొకటి. మనవారు కొత్తకాయను నోట వేసికొని, కారమునుబట్టి దానికి మిరియముతో చుట్టరికము కలిపిరి. జామ, సీతాఫలము, బొప్పాయి, అనాస, జీడిమామిడి, మొక్కజొన్న, వేరుశనగ, చిలగడదుంప, బంగాళాదుంప అన్నియు ఆ ఖండమునుండి వచ్చినవే. సంక్రాంతికి గొబ్బెమ్మలపై నిలుపు పచ్చని గుమ్మడిపూవు సైతము అట్టిదే. మనకు పురాతనమైనది బూడిదగుమ్మడి. టొమాటోను మన పెద్దలు రామములగ యనిరి. సీతాఫలమునకు సీతమ్మవారి పేరు, టొమాటోకు రామునిపేరు పెట్టి పరదేశపు మొక్కలను ఇంటిలోనికి పిలిచికొన్న జాతి మనది. గుంటూరు పేరు చెప్పగనే నాలుక చుఱుక్కుమను ఈ దినములలో, 600 ఏండ్లక్రిందట ఆ సీమలో ఒక్క మిరపమొక్కయు లేదనిన నమ్ముటకు మనసొప్పదు.

దీనికి సాక్ష్యము కావలెనన్న ఆబ్దికపు వంట చూడవలెను. ఆచారవంతుల ఇండ్లలో ఆనాడు మిరపకాయ లేదు, మిరియమే. టొమాటో లేదు, క్యాబేజీ లేదు. కాకర, పొట్ల, అరటి, కంద, చేమ, పెసర, అల్లము, ఇట్టివే విస్తరిలోనికి వచ్చును. దీనిని శాస్త్రమందురు. నాకు మాత్రము అది శాస్త్రముకంటె మరపు ఎఱుగని ఒక పాత జ్ఞాపకముగా తోచును. ఇల్లాండ్రు తరతరములుగా కాపాడిన ఆ జ్ఞాపకము నా పాఠ్యపుస్తకముకంటె నమ్మదగినది.

ఇక అమ్మకము మాట. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, ఓడ చెడి ఒడ్డునపడిన వర్తకుల సొమ్మును రాచవారు అపహరింపరని మాట యిచ్చినాడు. కర్పూరమునకు, చందనమునకు, దంతమునకు, ముత్యములకు ఇంతింత సుంకమని నిర్ణయించినాడు. ఆ కాలమున అది గొప్పమాట. సముద్రము దాటివచ్చినవానికి రాజు అభయమిచ్చెను. పొలిమేర దాటివచ్చిన కూరగంపకు అట్టి అభయశాసనమేదియు నా కంటబడలేదు. శాసనములలో కూరల ప్రసక్తి సుంకము పుచ్చుకొను పట్టునను వచ్చును. ఆ తరువాత 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసువాడు డొమింగో పేయిష్ అచ్చటి బజారులలోని నిమ్మపండ్లను, నారింజలను, ద్రాక్షలను, దానిమ్మలను, వంకాయలను చూచి అబ్బురపడి వ్రాసినాడు. ప్రతిదినమును నగరమున ఏదో యొకచోట సంత జరుగుచుండె ననియు చెప్పినాడు. కాయలను చూచినాడు గాని, వానిని మోసికొనివచ్చినవారి బ్రదుకును గూర్చి వ్రాయలేదు. బాటసారిని తప్పుపట్టి లాభము లేదు. మనమును సంతకుపోయి అంతే చూచెదము.

పూర్వము సంత పంచాంగమువంటిది. చైత్రమున కొత్తచింతపండు, వేపపూవు, లేతమామిడి, వైశాఖమున బండ్లకొలది పండుమామిడి, తాటిముంజెలు, ఆషాఢమున తొలకరికి మొలచిన ఆకుకూరలు, భాద్రపదమున చవితిపత్రి, కార్తికమున ఉసిరిక, కంద, పుష్యమున చిక్కుడు, రేగుపండ్లు, చెఱకు. చాతుర్మాస్యవ్రతమున మొదటినెల శాకములను వర్జింపవలెనను నియమము కలదు. వానకాలపు ఆకుకూరలోని బురదను, పురుగును కడిగి చూచినవారికి ఆ నియమము వింతగా తోపదు. ఋతువునుబట్టి తినుట గృహస్థునకు సుఖము, చవుక. కాని పండించువానికి ఋతువే శత్రువు. ఒకే వానకు విత్తినవారందఱి కాయలును ఒకే వారమున కోతకు వచ్చును. వడ్లు గాదెలో నిలుచును. బీరకాయ రేపటికి వడలును. ప్రొద్దుగ్రుంకులోపల అమ్మనిచో గంపను మోసికొని వెనుకకు పోవుట కూలికి చేటు. ఈ తొందర నెఱిగినవాడు దళారి.

దళారుల పద్ధతులు పెద్ద బజారులలో ఎట్లుండెడివో నేటి పిల్లలకు చెప్పిన కథయనుకొందురు. కొనువాడును దళారియు చేతులపై గుడ్డ కప్పుకొని, దానిక్రింద వ్రేళ్లు నొక్కి ధర తేల్చుకొనెడివారు. సరకు తనదైన రైతు ఎదుటనే నిలుచుండి, తన పంట ఎంతకు పోయినదో ఎఱుగక చూచుచుండెడివాడు. అటుపిమ్మట తరుగు, మచ్చుకు తీసినది, కాటాకూలి, ధర్మము పేరున ఒకటి, మఱియొకటి. ధర్మమునకు కోసినది ఏ ధర్మమునకు పోయెనో అడుగు ధైర్యము రైతునకు లేదు. ఇదియంతయు పోగా మిగిలినది చేతబెట్టెడివారు.

1926 మొదలు 1928 వఱకు విచారణ జరిపిన రాజకీయ వ్యవసాయసంఘము, అనగా లిన్లిత్‌గో ప్రభువు అధ్యక్షుడైన రాయల్ కమిషన్, ఈ అక్రమములను వర్ణించి, చట్టబద్ధమైన బజారులు కావలెనని సిఫారసు చేసినది. నిజాముసీమలో 1930లో వ్యవసాయ మార్కెట్ల చట్టము వచ్చినది. చెన్నరాజధానిలో 1933లో వాణిజ్యపంటల మార్కెట్ల చట్టము వచ్చినది. ఇచ్చట చదువరులు ఒక్క మాట గమనింపవలెను. చెన్నపట్టణపు చట్టము మొదట పేరుపెట్టి చెప్పిన పంటలు ప్రత్తి, వేరుశనగ, పొగాకు. మిల్లులకును ఓడలకును పోవు పంటలకు చట్టము ముందు వచ్చినది. మన కడుపులోనికి పోవు వంకాయ తన వంతునకై వేచియుండవలసి వచ్చినది. ఆంధ్రప్రదేశమంతటికిని ఒకే చట్టము 1966లో ఏర్పడినప్పుడు పంటలతోపాటు పశువులును అందు చేరినవి.

తూనికల సంగతియు ఇట్టిదే. 24 తులములు శేరు, 5 శేర్లు వీశె, 8 వీశెలు మణుగు అని లెక్క యున్నను, శేరు ఊరూర మాఱెడిది. 1956 నాటి తూనికల చట్టముతో కిలో వచ్చి ఈ గందరగోళము తీరినది. కొసరు మాత్రము చట్టమునకు లొంగలేదు. తూచినపిమ్మట నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపరెబ్బ అడిగి పుచ్చుకొనుట గృహిణి హక్కు. పెద్దకొట్టులో సబ్బుబిళ్లకు కొసరడుగని మనము గంపయెదుట కూర్చున్న ముదుసలిని ఎట్లడుగుచున్నామో ఒక్కసారి ఆలోచింపవలెను.

మఱియొక మాట చెప్పకపోయిన ఈ చరిత్ర అసంపూర్ణమగును. వండిన అన్నమునకు అంటున్నది గాని పచ్చికూరకు అంటులేదని మన పెద్దలు వ్యవస్థ చేసిరి. ఎవరి చేతి కాయయైనను నీళ్లు చల్లి పుచ్చుకొనిరి. ఆ చేతిని మాత్రము వీథి యరుగునొద్దనే నిలిపిరి. కాయకు లేని మైల కోసిన చేతికి ఎట్లు వచ్చెనని నా చిన్నతనమున మా అవ్వగారి నడిగితిని. ఆమె కోపగింపలేదు. కొంతసేపూరకుండి, “పెద్దవాళ్లను అడుగు నాయనా” అనెను. ఆమెకంటె పెద్దవా రప్పటికి మా యింట లేరు.

దళారి లేకుండ రైతే అమ్ముకొనవలెనను ప్రయత్నము మనకంటె ముందు 1987లో పంజాబువారు ‘అప్నీ మండీ’ పేరున చేసిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999 జనవరి 26న రైతుబజారులు ఆరంభమైనవి. అదే సంవత్సరము నవంబరు 14న మధురలో తమిళుల ‘ఉళవర్ సందై’ తెఱువబడినది. రైతుబజారు నియమములు ఆలోచించి చేసినవే. పల్లెలలో కూరలు పండించువారిని అధికారులు గుర్తించి ఛాయాచిత్రముతో కూడిన కార్డు లిత్తురు. కూర్చుండు తావునకు అద్దె లేదు. ధర టోకుధరకంటె నూటికి 25 వంతు హెచ్చుగను, బయటి చిల్లరధరకంటె 25 వంతు తగ్గుగను ఉండునట్లు ప్రతి ఉదయమును నిర్ణయించి పలకపై వ్రాయుదురు. గుడ్డచాటు వ్రేళ్లనుండి పలకపై వ్రాతకు వచ్చుట చిన్నమార్పు కాదు. రైతును చూడకయే పెరిగిన పట్టణపు పిల్లలు మొదటిసారి రైతుచేత చిల్లర పుచ్చుకొనిరి.

అయినను బజారు గోడ వెలుపల సంగతి వేఱు. 2024లో రిజర్వుబ్యాంకు పరిశోధకులు ప్రకటించిన లెక్కనుబట్టి టొమాటోకై గృహస్థు డిచ్చు రూపాయిలో రైతునకు చేరునది సుమారు 33 పైసలు, ఉల్లికి 36, బంగాళాదుంపకు 37. 2023 జులైలో టొమాటో కిలో 100 రూపాయలు దాటినప్పుడు మన పత్రికలన్నియు గగ్గోలు పెట్టినవి. ప్రభుత్వము రైతుబజారులలో 50 రూపాయలకు అమ్మించినది. అదే టొమాటో ధర పడి, కోతకూలి కూడ రాక, మదనపల్లె ప్రాంతపు రైతులు రోడ్డుప్రక్కన పారబోసిన సంవత్సరములలో గగ్గోలు ఇంత వినబడలేదు. మన యింటి పులుసు ఖరీదైన నాడే మనకు రైతు జ్ఞప్తికి వచ్చును.

కార్డు సంగతి యొకటి నేను కన్నులార చూచితిని. మా పట్టణపు బజారులో బీరకాయలు, సొరకాయలు అమ్ము నొక స్త్రీ యున్నది. విత్తు నాటినది ఆమె, నీరు పెట్టినది ఆమె, తెల్లవారుజామున కోసి మూట కట్టినది ఆమె. చేను కౌలుది. ఒక ఉదయమున తనిఖీకి వచ్చినవారు కార్డు అడిగిరి. కార్డు భూమి కాగితములనుబట్టి ఇచ్చునది; కాగితము భూస్వామి పేర నున్నది; ఆయన పట్టణమున వ్యాపారము చేయుచున్నాడు, జన్మలో బీరపాదు చూచి యెఱుగడు. కాగితమున రైతు ఆయన, పొలమున రైతు ఈమె. దళారులను వెలివేయుటకు కట్టిన కంచె ఆమెను వెలివేసినది. ఆ అధికారులు దుర్మార్గులు కారు, నియమము చదివి చెప్పిరి. ఆమెయు వాదింపలేదు. మూట నెత్తికెత్తుకొని గవినివెలుపల, మురుగుకాలువ ప్రక్కన, గోనెపట్టా పఱచుకొని కూర్చుండినది. అక్కడకు పలకపై ధర రాదు, అధికారి త్రాసు రాదు. అదిమొదలు మా యింటి బీరకాయలు కాలువప్రక్కనుండియే వచ్చుచున్నవి; మా ఇల్లాలు బేరమాడుట మానివేసినది. దీనివలన కౌలుచట్టము మాఱదని నేనెఱుగుదును.

మిరపకాయల ప్రశ్న యడిగిన బాలిక ఇప్పుడు తొమ్మిదవ తరగతి. ఆదివారములందు ఆమెయు, మఱి నలుగురు పిల్లలును నాతో బజారునకు వచ్చి, అమ్మువారి నడిగి ఒక పుస్తకమున వ్రాసికొనుచున్నారు. అందు మొదటిపుటలో ఆమె వ్రాసిన దిది: “బీరకాయలు. ఊరు 14 కిలోమీటర్లు. మొదటి బస్సుకు వచ్చినది. చేను కౌలు. కార్డు లేదు. పేరు అడిగితిమి, ఇంతవఱకు ఎవరును అడుగలేదని నవ్వినది.”