గాజుపొరల నడుమ గాలి: టచ్ స్క్రీన్లలో ఆప్టికల్ బాండింగ్ నిర్ణయం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: టచ్ స్క్రీన్‌లో పైనున్న గాజుకూ, లోపలి డిస్‌ప్లేకూ మధ్య ఉండే గాలి ఖాళీని పారదర్శకమైన జిగురుతో నింపడాన్ని ఆప్టికల్ బాండింగ్ అంటారు. ఇది ఎప్పుడు అవసరమో, ఎప్పుడు అనవసరమో నిర్ణయించడానికి గాజును గాజుతో అతికించిన పూర్వానుభవం ఏ ప్రమాణాలను అందిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆప్టికల్ బాండింగ్, టచ్ స్క్రీన్, పరావర్తనం, కెనడా బాల్సమ్, మరమ్మతు.

1. ఉపోద్ఘాతం

కాంతి ఒక మాధ్యమం నుంచి మరొక మాధ్యమంలోకి ప్రవేశించేటప్పుడు కొంత భాగం పరావర్తనం చెందుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆగస్టిన్ ఫ్రెనెల్ 1820లలో దీనికి గణితరూపం ఇచ్చాడు. సాధారణ గాజు వక్రీభవన గుణకం సుమారు 1.5. దాని ప్రకారం గాలి, గాజు కలిసేచోట నిటారుగా పడిన కాంతిలో సుమారు 4 శాతం వెనక్కి వస్తుంది.

గాలి ఖాళీ ఉన్న టచ్ స్క్రీన్‌లో ఇటువంటి తలాలు ప్రధానంగా మూడు: పై గాజు ముందుతలం, దాని వెనుకతలం, డిస్‌ప్లే ముందుతలం. మొత్తం పరావర్తనం దాదాపు 12 శాతం. గాజుకు దగ్గరి గుణకం గల జిగురును మధ్యలో నింపితే తరువాతి రెండు తలాల పరావర్తనం దాదాపు అంతరిస్తుంది. మొదటి తలానిది మాత్రం మిగులుతుంది. ఈ లెక్క ఒక్కటే చూస్తే బాండింగ్ ఎల్లవేళలా మేలనిపిస్తుంది. చరిత్ర మాత్రం అంత సూటిగా సాగలేదు.

2. కటకాల అనుభవం

ఈ సమస్యను మొదట ఎదుర్కొన్నవారు కటకాల తయారీదారులు. ఉత్తర అమెరికాలో పెరిగే ఒక ఫర్ జాతి వృక్షపు స్రావమైన కెనడా బాల్సమ్ గుణకం గాజుకు చాలా దగ్గరగా ఉంటుంది. అందువల్ల 19వ శతాబ్దంలో దూరదర్శినుల, సూక్ష్మదర్శినుల జంటకటకాలను దానితో అతికించడం స్థిరపడింది. అయితే కాలక్రమేణా ఆ జిగురు పసుపుబారేది. వేడికీ చలికీ అతుకు విడిపోయేది.

1890లలో ఇంగ్లండుకు చెందిన హెరాల్డ్ డెన్నిస్ టేలర్ జిగురు లేకుండా, మధ్యలో గాలి ఖాళీలు ఉంచి, మూడు కటకాల అమరికను రూపొందించాడు. పాతబడి మసకబారిన కటకాలు కొన్ని కొత్తవాటికంటే ఎక్కువ కాంతిని ప్రసరింపజేస్తున్నాయని గమనించినవాడూ ఆయనే. 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో పనిచేసిన అలెగ్జాండర్ స్మకులా గాజుపై పలుచని పూత వేసి పరావర్తనాన్ని తగ్గించే పద్ధతిని సాధించాడు. దీనితో ఖాళీని నింపడం, ఖాళీని ఉంచి తలానికి పూత వేయడం అనే రెండు మార్గాలు ఏర్పడ్డాయి. టచ్ స్క్రీన్ విషయంలో నేటికీ ఈ రెండూ పరిశీలించదగినవే.

3. టెలివిజన్ అనుభవం

తొలితరం టెలివిజన్లలో చిత్రనాళం పగిలినా వీక్షకునికి గాయం కాకుండా దాని ముందు విడిగా రక్షణగాజు ఉండేది. ఆ ఖాళీలో దుమ్ము చేరేది, పరావర్తనం పెరిగేది. తరువాత అమెరికాలో రక్షణగాజును నాళానికే అతికించే పద్ధతి వచ్చింది. అయితే దశాబ్దాలు గడిచాక కొన్ని రకాల నాళాలలో ఆ జిగురు అంచుల నుంచి చెడి, తెల్లని మచ్చలు వ్యాపించాయి. పాత టెలివిజన్ల సేకర్తలు దీనిని కంటిశుక్లంతో పోల్చి అదే పేరుతో పిలుస్తారు. విడి గాజును తీసి తుడవవచ్చు. అతికిన గాజు వేరుచేయడం శ్రమతో, ప్రమాదంతో కూడిన పని.

4. టచ్ స్క్రీన్ దశ

1965లో బ్రిటన్‌కు చెందిన ఇ. ఎ. జాన్సన్ విమాన రాకపోకల నియంత్రణను దృష్టిలో ఉంచుకొని స్పర్శతెరను ప్రతిపాదించాడు. 1970లలో సెర్న్ పరిశోధనశాల తన కణత్వరణి నియంత్రణగదికి బెంట్ స్టంప్ రూపొందించిన స్పర్శతెరలను వినియోగించింది. ఇవి వెలుతురు మనుషుల అదుపులో ఉండే గదులు. ఒత్తిడితో పనిచేసే రెసిస్టివ్ తెరలలోనైతే రెండు వాహకపొరల మధ్య ఖాళీ తప్పనిసరి. వేలు నొక్కినప్పుడు మాత్రమే అవి తాకాలి. ఆ ఖాళీని నింపితే తెర పనిచేయదు. కనుక అటువంటి తెరలో జిగురు వేయగలిగింది స్పర్శఫలకానికీ డిస్‌ప్లేకూ మధ్య మాత్రమే.

తెర చేతిలోకి వచ్చి ఆరుబయట తిరగడంతో పరిస్థితి మారింది. ఆపిల్ సంస్థ 2010లో ఐఫోన్ 4లోనూ, 2014లో ఐప్యాడ్ ఎయిర్ 2లోనూ గాజును డిస్‌ప్లేకు అతికించింది. అదే సంస్థ 2017లో తక్కువ ధరకు విడుదల చేసిన ఐప్యాడ్‌లో మళ్ళీ గాలి ఖాళీనే ఉంచింది. సాంకేతికత అందుబాటులో ఉన్నప్పటికీ ధరనుబట్టి దానిని వదులుకోవడం ఇక్కడ గమనార్హం.

5. నిర్ణయ ప్రమాణాలు

5.1. వెలుతురు: ఆరుబయట నీడలో సుమారు 10,000 లక్స్ వెలుతురు ఉందనుకుందాం. పరిసరాలు తెల్లనివైతే 12 శాతం పరావర్తనం గల తెర చదరపు మీటరుకు సుమారు 380 క్యాండెలాల కాంతిని తిప్పికొడుతుంది. తెర ప్రకాశం 500 క్యాండెలాలైతే తెలుపు, నలుపుల నిష్పత్తి 2.3 మాత్రమే. బాండింగ్‌తో అది 4.9కి చేరుతుంది. జిగురు లేకుండా అదే ఫలితం కావాలంటే ప్రకాశాన్ని 1,500 క్యాండెలాలకు పెంచాలి. విద్యుత్తు, వేడి ఆ మేరకు పెరుగుతాయి. 500 లక్స్ ఉన్న కార్యాలయంలో ఈ నిష్పత్తి 27 నుంచి 79కి పెరుగుతుంది. అయితే 27 వద్దనే అక్షరాలు స్పష్టంగా చదవగలిగినవి. కాబట్టి అక్కడ లాభం లెక్కలో ఎక్కువ, వాడుకలో తక్కువ.

5.2. తేమ, దుమ్ము: ఖాళీలోకి తేమ చేరి చల్లబడితే లోపల నీటిబిందువులు ఏర్పడతాయి. పడవలు, పొలం యంత్రాలు, వీధిలోని యంత్రాల విషయంలో వెలుతురు సమస్య లేకున్నా ఈ కారణం ఒక్కటే చాలు.

5.3. మరమ్మతు: ఖాళీ ఉన్న తెరలో పై గాజు పగిలితే దానినే మార్చవచ్చు. అతికించిన తెరలో సాధారణంగా డిస్‌ప్లేతో సహా మార్చవలసి వస్తుంది. తయారీలోనూ జిగురులో గాలిబుడగ మిగిలితే ఖరీదైన డిస్‌ప్లే వృథా కావచ్చు. తరగతిగది, దుకాణం వంటి చోట్ల ఎండకంటే దెబ్బలే తెరకు ముఖ్యశత్రువులు.

6. ముగింపు

కటకాల నుంచి టెలివిజన్ వరకు అతుకు తొలినాడు మేలు చేసి, అది చెడిననాడు ఖర్చు చూపింది. వెలుతురును అదుపు చేయలేనిచోట, తేమ చొరబడేచోట ఆప్టికల్ బాండింగ్ విలువైనది. నీడపట్టున ఉండి, తరచు పగిలే అవకాశమున్న తెరకు పూత వేసిన విడి గాజు సరిపోతుంది. అతికించాలా వద్దా అన్నది తయారీదారుడు ఒక్కసారే నిర్ణయిస్తాడు. దాని ఫలితాన్ని వినియోగదారుడు తెర ఆయుష్షంతా అనుభవిస్తాడు. అందువల్ల కొత్త తెర ఎంత బాగా కనిపిస్తుందన్న ప్రశ్నతోపాటు పగిలిన తెరను ఎవరు, ఎంత ఖర్చుతో బాగుచేస్తారన్న ప్రశ్న కూడా ఈ నిర్ణయంలో భాగం కావాలి.