చెవి కింద గడ్డ క్యాన్సరా, కాదా? ఎమ్మారైలో రక్తప్రవాహం చూస్తే ఏం తెలుస్తుంది?

నిర్మల్: చెవి కింద వాపు కనిపిస్తే గవదబిళ్లలేమో అనుకుని చాలామంది వదిలేస్తారు. కానీ గవదబిళ్లల వాపు వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది. నొప్పి లేని గడ్డ నెలల తరబడి అలాగే ఉంటే లాలాజల గ్రంథిలో కణితి కావొచ్చు. ఇవి ఎక్కువగా చెవి ముందుండే పెరోటిడ్ గ్రంథిలోనే వస్తాయి. అక్కడ వచ్చేవాటిలో చాలావరకు క్యాన్సర్ కానివే. మరి మిగతావాటిని పట్టుకునేదెలా?

ఇందుకు ఎమ్మారైలో ఓ పద్ధతి ఉంది. చేతి నరంలోకి గాడోలినియం మందు ఎక్కించి, అది రక్తంతో పాటు గడ్డలోకి ఎంత స్పీడుగా చేరుతోంది, ఎంత స్పీడుగా బయటికి పోతోంది అని చూస్తారు. ఎక్కువగా కనిపించే ప్లియోమార్ఫిక్ ఎడినోమాలో మందు మెల్లగా ఎక్కుతూ పోతుంది. వార్తిన్ కణితిలో గబగబా చేరి, గబగబా దిగిపోతుంది. క్యాన్సర్ గడ్డల్లో సాధారణంగా తొందరగానే చేరినా, దిగడం మాత్రం నెమ్మది. ఈ రెండు మూడు నిమిషాల తేడాలోనే అసలు క్లూ ఉంటుంది. అన్నట్టు, వార్తిన్ కణితికి పొగతాగే అలవాటుతో గట్టి సంబంధం ఉంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లు డాక్టర్‌కు ఆ మాట దాచకుండా చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉంటే అదీ ముందే చెప్పాలి. అలాంటివాళ్లకు మందు ఎక్కించకుండా రక్తప్రవాహాన్ని కొలిచే ఏఎస్ఎల్ స్కాన్ కూడా ఉంది.

అయితే కొన్ని గడ్డలు స్కాన్‌నూ తికమక పెడతాయి. అందుకే సూది పరీక్ష కూడా చేస్తారు. ముఖాన్ని కదిలించే నరం ఈ గ్రంథి మధ్య నుంచే వెళ్తుంది. గడ్డ ఏ రకమో ముందే తెలిస్తే సర్జన్ ఎంతవరకు కోయాలో ప్లాన్ చేసుకోగలరు. గడ్డతో పాటు మూతి వంకర పోతున్నా, కన్ను సరిగా మూతపడకున్నా ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవాలి. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది.