బడితోట జమాఖర్చు

కాళిదాసుని శాకుంతలమున కణ్వాశ్రమ కన్యకలు మొక్కలకు నీరు పోయుచు మొదట మనకు కనబడుదురు. చదువుచోట చెట్టుండుట మనకు క్రొత్త కాదు. ఐనను ఆ చెట్టు పెంపకమునే పాఠముగా నేర్పవలెనని దేశమంతటికి ఒక ప్రణాళిక ఏర్పడుట గడచిన శతాబ్దపు మాట. దానిని రచించిన సంఘమునకు అధ్యక్షుడు మన జంటనగరములలో జన్మించినవాడే యగుట సికిందరాబాదు వారు తలచుకొనదగిన విషయము.

ఆ యోచనకు బీజము దక్షిణాఫ్రికాలో పడెను. 1910లో గాంధీమహాత్ముడు తన మిత్రుడు కాలెన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరములలో జోహాన్సుబర్గు చేరువను టాల్‌స్టాయి క్షేత్రమును నెలకొల్పెను. అందు వేయివరకు ఫలవృక్షములుండెను. అచట నివసించినవారిలో ఆంధ్రదేశీయులును గలరు. పిల్లలకు ఉదయము తోటపని, మధ్యాహ్న భోజనానంతరము చదువు.

1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో విద్యా మహాసభ జరిగెను. పిదప డాక్టరు జాకీర్ హుస్సేన్ అధ్యక్షతను ఒక సంఘము ఏర్పడెను. ఆయన 1897లో హైదరాబాదున జన్మించెను. 1967లో రాష్ట్రపతి యయ్యెను. రాష్ట్రపతుల దక్షిణదేశపు విడిదియైన బొల్లారము నిలయములో నేటికిని మామిడి, దానిమ్మ, సపోటా తోటలు కలవు. ఆ సంఘము 1937 డిసెంబరులో సమర్పించిన నివేదికలో వడకుట, నేత, వడ్రంగము, వ్యవసాయము, తోలుపనులతోపాటు పండ్లు కూరగాయల తోటపనిని గూడ మూలవృత్తిగా పేర్కొనెను.

వివాదమంతయు జమాఖర్చు దగ్గర వచ్చెను. పిల్లల పనివలన వచ్చు రాబడి ఉపాధ్యాయుని జీతమునకు సరిపోవలెనని గాంధీజీ ఆశ. బడి కార్ఖానా యగునని విమర్శకుల భయము. ఆదాయమునకు ప్రాధాన్యమిచ్చి విద్యను విస్మరించు ప్రమాదము కలదని నివేదికయే హెచ్చరించెను. ఆ హెచ్చరిక సమంజసమైనది. బెండకాయలమ్మిన పైకమునే జమ వ్రాసినచో తోట ఎల్లప్పుడు నష్టముననే యుండును. మడి కొలుచుటలో గణితము, వాన లెక్కలో భూగోళము, మొలకలో ప్రకృతిశాస్త్రము నేర్చినది ఏ పద్దున వ్రాయుదుము?

1964–66 నాటి కొఠారీ సంఘము పనియనుభవమును సిఫారసు చేసెను. కాని పలుబడులలో పరీక్షల వత్తిడిచే మడులు బీడువడెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడులలో 2003లో వండిన మధ్యాహ్న భోజనము ఆరంభమయ్యెను. 2019లో కేంద్రప్రభుత్వము బడులయందు పోషకాహార తోటలకు మార్గదర్శకములు వెలువరించెను. పిల్లలు పెంచిన కూర పిల్లల పళ్ళెములోనికే వచ్చుటకు వీలు కలిగినది. అంగడి ధరతో పనిలేని జమ యిది.

సికిందరాబాదు ప్రాంతమున బడి తెరచుటయు తొలకరి వచ్చుటయు జూన్ నెలలోనే. అప్పుడు విత్తిన తోటకూర నెలకు కోతకు వచ్చును. బెండ ఆగస్టు నాటికి కాయును. చిక్కంతయు జామ, బొప్పాయి వంటి పండ్లమొక్కలతోనే. వానికి నీరు మిక్కిలి యవసరమగు మే నెలలో బడికి తాళము పడును. కావున తోట ప్రారంభించువారు విత్తనములకంటె ముందు వేసవిలో నీరు పోయువారి పేర్లు వ్రాసికొనవలెను. మొక్కలకు సెలవులు లేవు. ఆ పేర్లు లేని తోటలు మరు జూన్ చూడలేదు.