మందుబిళ్ల వెనుక చిట్టా

సైదాబాదులోని ఏ ఇంటనైనను జ్వరమునకు తెచ్చుకొన్న మందుబిళ్లల పట్టీని త్రిప్పి చూచినచో బ్యాచి సంఖ్య యొకటి కనిపించును. మనలో చాలమంది గడువు తేదీని మాత్రము చూచి పట్టీని ప్రక్కన పెట్టుదురు. కాని ఆ చిన్న సంఖ్య వెనుక ఒక పెద్ద చిట్టా ఉన్నది. ఏ ముడిసరుకును ఎంత తూచినారు, ఎవరు తూచినారు, ఎవరు సరిచూచినారు, ఎంత వేడిమిలో ఎంతసేపు ఉంచినారు, పరీక్షలలో ఏమి తేలినది, ఇవన్నియు అందులో ఉండును. ఆ చిట్టా కాగితమునుండి కంప్యూటరునకు మారిన కథను నేడు చెప్పదలచినాము.

వ్రాత లేని మందు ఎంత ప్రమాదమో 1937లో అమెరికాలో తెలిసివచ్చినది. సల్ఫానిలమైడు అను మందును డైఇథిలీన్ గ్లైకాల్ అను విషద్రవములో కరిగించి అమ్మగా నూరుమందికి పైగా మరణించినారు. తనిఖీ అధికారులు సరఫరా చిట్టాలను, అమ్మకపు రసీదులను పట్టుకొని ఊరూరా తిరిగి, తయారైన 240 గ్యాలన్లలో 234 గ్యాలన్లకు పైగా వెనుకకు తెచ్చినారు. మిగిలినది అప్పటికే రోగులు త్రాగివేసినారు. ఆ కాగితములే లేకున్నచో ఎందరు బలియై యుందురో! మరుసటి సంవత్సరమే అక్కడ క్రొత్త ఔషధ శాసనము వచ్చినది.

మన నగరమునకు ఈ విద్య బాలానగరుతో వచ్చినది. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ సోవియట్ సహాయముతో అక్కడ మందుల కర్మాగారమును నెలకొల్పినది. అందులో పనిచేసిన కె. అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించినారు. జీడిమెట్ల, బొల్లారము, పాశమైలారములలో మరెన్నో కర్మాగారములు వెలసినవి. ఐ.డి.పి.ఎల్.ను మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించినను, అది నేర్పిన పని నగరమున నిలిచియే యున్నది.

ఆ రోజులలో అంతయు కాగితమే. నియమములు మాత్రము కఠినమైనవి. పని జరిగిన క్షణముననే వ్రాయవలెను. తప్పు వచ్చినచో దానిపై ఒక్క గీత మాత్రమే గీయవలెను. క్రింది అంకె చదువుటకు వీలుగా ఉండవలెను. ప్రక్కన సంతకము, తేదీ వేయవలెను. తెల్లరంగు పూసి దిద్దుట నేరము.

ఇచ్చటనే మన అలవాటునకు ఎదురుదెబ్బ తగులును. బడిలో మనకు చిత్తుప్రతి వేరు, సాపుప్రతి వేరు. చిత్తు చింపివేసి, అందముగా తిరిగి వ్రాసినవానికే మార్కులు. మందుల కర్మాగారములో చిత్తుప్రతియే సాక్ష్యము. తరువాత వ్రాసిన సాపుప్రతి అనుమానమునకు తావిచ్చును.

1997లో అమెరికా ఔషధశాఖ కంప్యూటరు రికార్డులకు నియమములు విధించినది. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చినారో యంత్రమే కాలముతో సహా నమోదు చేయవలెను. మార్పు వలన పాత అంకె మరుగుపడరాదు. అనగా ఆ ఒక్క గీత నియమమే యంత్రములోనికి ప్రవేశించినదన్నమాట. అమెరికాకు మందులు ఎగుమతి చేయు మన కర్మాగారములు దీనిని పాటింపక తప్పలేదు. నేడు కంప్యూటరు అమర్చిన చోట తక్కెడ తూచిన బరువు నేరుగా చిట్టాలో చేరును. తప్పు ముడిసరుకు సంచి ముద్ర చదివించినచో తరువాతి పని తెరచుకొనదు.

ఐనను యంత్రము కొన్నంత మాత్రమున నిజాయితీ రాదు. పదిమంది కార్మికులు ఒకే సంకేతపదముతో లోనికి ప్రవేశించినచో, అది ఒకరి సంతకము మరొకరు పెట్టుటయే. గడియారమును వెనుకకు త్రిప్పగలిగినచో కాలముద్రకు విలువ లేదు. కాగితమునాటి క్రమశిక్షణ ఉన్నచోటనే కంప్యూటరు మేలు చేసినది; అది లేనిచోట అబద్ధమును వేగముగా వ్రాయుటకే పనికివచ్చును.

2023 ఏప్రిల్ 1నుండి మన దేశమున కంపెనీల లెక్కలు వ్రాయు సాఫ్ట్‌వేరు కూడ ప్రతి మార్పును దాచియుంచవలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. అదే సంవత్సరము ఆగస్టు 1నుండి 300 ప్రముఖ బ్రాండుల మందులపై క్యూఆర్ ముద్ర తప్పనిసరి చేసినారు. దిల్‌సుఖ్‌నగరులో మందు కొన్న గృహిణి తన ఫోనుతో దానిని చదివించి, తయారుచేసినవారెవరో, బ్యాచి ఏదో తెలిసికొనవచ్చును. ఈసారి పట్టీ చేతికి వచ్చినప్పుడు ఒక్క నిమిషము త్రిప్పి చూడుడు. ఆ సంఖ్య వెనుక ఎవరో చేసిన తప్పును దాచక, ఒక్క గీత గీసి సంతకము పెట్టియుందురు. మనము మ్రింగునది ఆ నమ్మకమునే.