గెట్టు మీది బోడకాకర: పేరు ఒకరిది, ఎరుక మనది

వానకాలం మొదలుకాగానే మన ఉట్నూరు, ఇంద్రవెల్లి దిక్కు చేన్ల గెట్ల మీద, కంప మీద బోడకాకర తీగ పాకుతది. కరీంనగర్‌లోనూ ఇదే పేరు. కోస్తాలో ఆగాకర అంటరు, పెన్‌గంగ దాటితే మరాఠీలో కర్టోలి. కొన్ని తీగలు నిండా పూస్తయి గాని ఒక్క కాయ పడదు. గొడ్డుతీగ అని పీకేస్తుంటరు. అది గొడ్డుది కాదు, మగతీగ. దీంట్లో ఆడ, మగ వేరువేరు తీగలు.

ఈ సంగతి పుస్తకంలోకి ఎక్కిన కథ చెప్పుకుందాం. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి మన దిక్కు మొక్కలను, చాలావాటి తెలుగు పేర్లతో సహా, రాసుకున్నడు. ఆయన పెట్టిన పేరును 1805లో బెర్లిన్‌కు చెందిన విల్డెనో అచ్చువేసిండు: మొమోర్డికా డయోయికా. డయోయికా అంటే రెండిళ్లది, ఆడ పూలకు ఒక ఇల్లు, మగ పూలకు ఒక ఇల్లు. శాస్త్రంలో ఆ పేరు పక్కన ఇప్పటికీ వాళ్లిద్దరి పేర్లే ఉంటయి. పద్ధతే అంత, కోపం అక్కర్లేదు. కానీ ఏ తీగకు కాయ పడుతదో ఏరుకొని తినేటోళ్లకు అంతకు ముందే తెలుసు.

గుర్తుపట్టుడు కష్టం కాదు. ఆడపువ్వు కింద మెత్తటి ముళ్లతో చిన్న పిందె పువ్వు విచ్చకముందే కనపడుతది. మగమొగ్గను గొడుగులాంటి చిన్న ఆకు కప్పి ఉంటది. పూలు పొద్దుగూకే యాళ్లకు విచ్చుతయి. జాగ్రత్త పడాల్సింది లింగదొండతోని. దాని నులితీగ రెండుగా చీలుతది, బోడకాకరది చీలదు. లింగదొండ కాయ నున్నగా, తెల్లచారలతో ఉండి పండితే ఎర్రగైతది. అది విషం, పిల్లలకు తప్పక చూపించాలె.

నిజాం కాలంలో అడవికి హద్దులు పడి పోడు ఆగినప్పుడు తిండి కూడా హద్దు అవతలే ఉండిపోయింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చింది ఈ భూమి, అడవి కోసమే. ఆ తర్వాత వచ్చిన హైమన్‌డార్ఫ్ రాతల్లో కొలాములు, నాయకపోడులు అడవి దుంపల మీద, ఆకుల మీద, పండ్ల మీద బతికిన తీరు కనపడుతది. అడవి దూరమైనంక మనకు మిగిలిన చిన్న అడవి చేను గెట్టే అని మేము అనుకుంటున్నం.

ఇప్పుడు పత్తి చేన్లో కొట్టే గడ్డి మందు ఆ గెట్టు మీద కూడా పడుతున్నది. బోడకాకర ఏటా దుంప నుంచి మొలుస్తది. గింజ మొలవాలంటే శానా ఆలస్యం, దుంప పోతే మళ్లీ తీగ రావడం కష్టం. అంగడిలో కొన్ని వారాలు కోడికూరతో పోటీపడే ధర పలికే కాయను మనమే మందు కొట్టి చంపుకొని, మళ్లీ మనమే కొంటున్నం. మగతీగను పీకితే ఆడతీగకూ కాయ నిలువది. పది ఆడతీగలకు ఒక్క మగతీగ ఉన్నా సాలు.

ఈ సెలవుల్లో మీ అవ్వను గెట్టు దాకా తోలుకపోండి. గోండిలో, కొలామిలో ఆడతీగను ఏమంటరో, మగతీగను ఏమంటరో అడిగి, ఊరి పేరుతో సహా రాసి పంపండి.