బాయి దిగే ముందు తెలుసుకోవలసిన చరిత్ర

భద్రాచలం రాముణ్ణి చూడబోతున్న యాత్రికులు ఇల్లెందు దగ్గర నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకుంటే ఆ రాళ్లే అంటుకుని మండాయని మన ప్రాంతంలో ఒక కథ చెప్పుకుంటారు. ప్రభుత్వ రికార్డులో మాత్రం, 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇక్కడ బొగ్గు కనుగొన్నాడని ఉంటుంది. కోయలు, లంబాడీలు తిరిగిన అడవి అది. ఆ బొగ్గు ఉన్న రాతి పొరలకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గోండ్వానా. అంటే గోండుల నేల. రాతికి ఆదివాసుల పేరు దక్కింది. ఆ రాతి కింద పనిచేసే మనిషి ప్రాణానికి రక్షణ మాత్రం చాలా ఆలస్యంగా దక్కింది.

1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ నిజాం ప్రభుత్వం నుంచి తవ్వకం హక్కు పొందింది. 1889లో ఇల్లెందులో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. కొత్తగూడెం, మణుగూరు గనులు తర్వాత వచ్చాయి.

గనిని మనవాళ్లు బాయి అంటారు. బాయిలో పని ఎలా సాగుతుందో తెలిస్తే ప్రమాదం ఎక్కడ ఉందో తెలుస్తుంది. బొగ్గు పొరలో సొరంగాలు తవ్వుతూ, పైకప్పును మోయడానికి మధ్యమధ్య బొగ్గు స్తంభాలను వదిలేస్తారు. చివరికి ఆ స్తంభాల్లోని బొగ్గునూ తీస్తారు. అప్పుడు కప్పు కూలడం ఖాయం. ఎప్పుడు, ఎంత మేర కూలుతుందో ముందే అంచనా వేసి మనిషిని దూరంగా ఉంచడమే రక్షణ. దీనికి తోడు మండే వాయువు, పాత బాయిల్లో నిలిచిన నీరు, పేలుడు మందు, ఊపిరితిత్తుల్లో చేరే బొగ్గు ధూళి. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన తొలితరం కూలీలకు కర్ర దన్నులే ఆధారం. తలమీది రాయి పలికే చప్పుడును బట్టి కప్పు గట్టిదా, వదులుదా అని పసిగట్టేవారు.

చట్టం దానంతటదే రాలేదు. 1897లో కోలార్ బంగారు గనుల్లో 52 మంది, ఖోస్ట్ బొగ్గు గనిలో 47 మంది చనిపోయారు. ఆ తర్వాతే 1901లో గనుల చట్టం వచ్చింది, 1902లో గనుల తనిఖీ శాఖ మొదలైంది. నేటి గనుల భద్రతా డైరెక్టరేట్‌కు అదే మూలం. కానీ ఆ చట్టం బ్రిటిష్ ఇండియాకే. ఇల్లెందు నిజాం రాజ్యంలో ఉంది. దేశమంతటికీ ఒకే గట్టి చట్టం కావాలంటే 1952 గనుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అంటే ఇల్లెందులో మొదటి బొగ్గు తీసిన 63 ఏళ్లకు.

1957లో బొగ్గు గనుల నిబంధనలు వచ్చాయి. షిఫ్టు మొదలయ్యే ముందు సర్దార్ పని స్థలాన్ని చూసి రావాలి. కప్పుకు దన్ను లేని చోటికి మనిషిని పంపకూడదు. పాత బాయిల నీటి దగ్గరికి తవ్వుకుంటూ పోయేటప్పుడు ప్రత్యేక జాగ్రత్తలు పాటించాలి. 1966 నియమాల ప్రకారం శిక్షణ ఇవ్వకుండా కొత్త మనిషిని పనిలో పెట్టకూడదు. చదివితే ఇవి ఒట్టి ఆఫీసు మాటల్లా కనిపిస్తాయి. కానీ వీటిని పాటించనప్పుడు ఏమవుతుందో చరిత్ర చెబుతుంది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా గనిలోకి పాత తవ్వకాల్లోని నీరు విరుచుకుపడి 375 మంది చనిపోయారు.

మన సింగరేణిలోనే, గోదావరి ఎగువన ఉన్న గోదావరిఖనిలో, 2003 జూన్ 16న ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకొచ్చి 17 మంది ప్రాణాలు పోయాయి. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబరు 16న, 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది పోయారు. అప్పటికి గనుల చట్టం వచ్చి 51 ఏళ్లు. చట్టం పుస్తకంలో ఉంటే సరిపోదని, ప్రతి షిఫ్టులో దాన్ని అమలు చేసేవాళ్లు, అడిగేవాళ్లు ఉండాలని ఆ ఏడాది చెప్పింది.

ఇప్పుడు పని తీరు మారింది. ఓపెన్‌కాస్ట్ గనులు పెరిగాయి. బొగ్గుపై ఉన్న మట్టిని తీసే ఓబీ పని ఎక్కువగా కాంట్రాక్టర్ల చేతిలో ఉంది. ప్రమాదం కప్పు మీంచి రోడ్డు మీదికి దిగింది. వెనక్కి వచ్చే డంపర్, జారిపడే మట్టి గుట్ట, బ్లాస్టింగ్‌లో ఎగిరే రాయి, రోజంతా పీల్చే దుమ్ము. మన పిల్లలు ఐటీఐ చదివో, పదో తరగతితో ఆపేసో, మణుగూరు, టేకులపల్లి, సత్తుపల్లి వైపు పనికి పోయేది చాలాసార్లు కాంట్రాక్టర్ మస్టర్ మీదే. కాంట్రాక్టు మనిషికి చట్టం వర్తించదని సైటు మీద ఎవరైనా అంటే నమ్మకండి. గని లోపల పనిచేసే ప్రతి మనిషీ, ఎవరి మస్టర్‌లో ఉన్నా, గనుల భద్రతా నియమాల కిందికే వస్తాడు. శిక్షణ, టోపీ, బూట్లు అడిగి తీసుకోవాల్సిన దానాలు కావు.

1952 చట్టంతో సహా 13 పాత చట్టాలను కలిపి 2020లో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ చేశారు. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందులో మూడు విషయాలు మన యువత గుర్తుంచుకోవాలి. ఒకటి, పనిలో పెట్టుకునేటప్పుడు నియామక పత్రం ఇవ్వాలి. ప్రమాదం జరిగాక ‘ఇతను మా మనిషే కాదు’ అనకుండా ఆపేది ఆ కాగితమే. రెండు, నిర్ణయించిన తరగతుల కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష చేయించాలి. బొగ్గు ధూళి జబ్బు ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మూడు, ప్రాణాపాయం ముంచుకొస్తోందని సహేతుకమైన అనుమానం కలిగితే యజమానికి చెప్పి, అదే సమయంలో తనిఖీ అధికారికీ తెలియజేసే హక్కు కార్మికుడికి ఉంది. యజమాని వెంటనే దాన్ని సరిచేయాలి.

అయితే ఈ కోడ్‌లో ఒక లోటూ ఉంది. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు ఇదివరకు 20 మంది ఉన్నచోట వర్తించేవి. ఇప్పుడు ఆ సంఖ్య 50 అయింది. చిన్న కాంట్రాక్టర్ దగ్గర పనిచేసే మనవాళ్లు ఈ గీతకు అవతల పడిపోకుండా సంఘాలు, గ్రామసభలు కనిపెట్టుకుని ఉండాలి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. సాంఘిక శాస్త్రంలో గోండ్వానా శిలల పాఠం చెప్పేటప్పుడు ఇల్లెందు, 1889, 1952, 2003 కూడా బోర్డు మీద రాయండి. ఊళ్లో రిటైరైన బాయి కార్మికుడుంటే బడికి పిలవండి. రాయి చప్పుడు ఎలా వినాలో, పక్కవాడు కింద పడితే ముందు ఏం చేయాలో ఆయన నోటితో పిల్లలు వినాలి. వినిందంతా తేదీలతో సహా నోటు పుస్తకంలో రాయించండి. రేపు ఆ పిల్లల్లో కొందరు అదే బాయి గేటు దాటుతారు. ఏం అడగాలో తెలిసి దాటాలి.