బొంబాయి మెట్ల నుంచి దోహా దాకా: మనవాళ్ళ ఖతార్ ఇంటర్వ్యూల కథ

తెలంగాణ పల్లెల్లో "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అనే మాట చాలా కాలంగా ఉంది. వానలు మొహం చాటేసి, బావి ఎండిపోయి, చేతిలో పని లేనప్పుడు మనిషికి మిగిలే దారులు ఈ మూడేనని దాని భావం. ఇందులో దుబాయి అంటే ఒక్క దుబాయి కాదు. మస్కట్ వెళ్ళినా, కువైట్ వెళ్ళినా, దోహా వెళ్ళినా ఊళ్ళో "దుబాయి పోయిండు" అనే అంటారు. అలా దుబాయి పేరు చాటున ఉండిపోయిన దేశం ఖతార్. అక్కడికి వెళ్ళిన మనవాళ్ళ కష్టసుఖాల మీద కథలు వచ్చాయి, పాటలు వచ్చాయి. కానీ విమానం ఎక్కకముందు జరిగే ఘట్టం ఒకటుంది. అదే ఇంటర్వ్యూ. ఎదుటివాడు ఏం అడిగాడు, మనవాడు తిరిగి ఏం అడగగలిగాడు అని చూసుకుంటూ వెళితే, వలసల చరిత్రే మరో వైపు నుంచి కనిపిస్తుంది.

రూపాయి చెల్లిన ఎడారి

ఖతార్‌లో చమురు తవ్వకానికి ఒప్పందం 1935లో కుదిరింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లోనే దుఖాన్ దగ్గర చమురు పడింది. యుద్ధం వల్ల 1942లో బావులు మూసేశారు. మొదటి ఎగుమతి ఓడ కదిలింది 1949 డిసెంబరు 31న. అంతకు ముందు ముత్యాల వ్యాపారం కూలిపోయి ఆ చిన్న దేశం ఆకలితో అలమటించిందని ఇవాళ్టి దోహా చూసినవాళ్ళెవరూ నమ్మరు.

ఆ రోజుల్లో అక్కడ చెల్లిన డబ్బు మన రూపాయే. 1959లో గల్ఫ్ కోసం రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా నోట్లు అచ్చువేసింది. 1966 జూన్‌లో మన రూపాయి విలువ తగ్గించాక, అదే సంవత్సరం ఖతార్, దుబాయి కలిసి సొంత రియాల్ తెచ్చుకున్నాయి. అంటే తొలితరం గుమాస్తాకి, మెకానిక్కుకి జీతం లెక్క కట్టుకోవడానికి మారకపు రేటుతో పనే ఉండేది కాదు. గల్ఫ్ చమురు కంపెనీలు గుమాస్తాలనీ, చేతిపని తెలిసినవాళ్ళనీ బొంబాయిలోనే ఎంచుకునేవి. ఇంగ్లీషు వచ్చా, టైపు వచ్చా, పాత దొర ఇచ్చిన సర్టిఫికెట్టు ఉందా అన్నంతలో ఎంపిక తేలిపోయేది.

బొంబాయి దారి మీద దుబాయి దారి

1973లో చమురు ధర నాలుగు రెట్లయింది. గల్ఫ్ అంతటా రోడ్లు, రేవులు, ఊళ్ళు కట్టే పని మొదలైంది. మనవాళ్ళకి అప్పటికే బొంబాయి దారి బాగా తెలుసు. కామాఠిపుర అనే పేటకి ఆ పేరు తెలుగు కూలీల వల్లే వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పద్మశాలీలు అక్కడి బట్టల మిల్లుల్లో తరాలుగా పనిచేస్తున్నారు. 1982 జనవరిలో మొదలైన మిల్లుల సమ్మెతో ఆ బతుకు చెదిరిపోయింది. కొత్తగా వచ్చేవాడికి బొంబాయి ఇక గమ్యం కాదు, మజిలీ. చాల్‌లో బంధువు గదిలో పడుకోవడం, పొద్దున్నే ఏజెంటు ఆఫీసు మెట్ల మీద వరసలో నిలబడడం, గల్ఫ్ ఉద్యోగాల ప్రకటనలు వేసే పేపరు నలుగురు కలిసి కొనుక్కోవడం, ఇదీ దినచర్య.

మోసాలు పెరిగిపోయాక 1983లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. ఏజెంటుకి లైసెన్సు, చదువు తక్కువ ఉన్నవాడి పాస్‌పోర్టుకి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి అయ్యాయి. 1985లో మన దేశానికీ ఖతార్‌కీ కార్మికుల ఒప్పందం కుదిరింది. కాగితం మీద ఇవన్నీ మంచివే. కాకపోతే ఊళ్ళోకి వచ్చేది లైసెన్సున్న ఏజెంటు కాదు, అతని కింద పనిచేసే సబ్ ఏజెంటు. అతను మన చుట్టమో, పక్క ఊరివాడో అయ్యుంటాడు. అతన్ని ప్రశ్న అడగడమంటే అనుమానించినట్టే!

చేతికి పెట్టే పరీక్ష

కూలిపనికి ఇంటర్వ్యూ అంటే చేతులు చూడడం, ఛాతీ ఎక్స్‌రే తీయించడం అంతే. మెడికల్‌లో "అన్‌ఫిట్" అన్న ఒక్క ముక్కతో కట్టిన డబ్బూ, కన్న కలా రెండూ పోయినవాళ్ళు ప్రతి మండలంలోనూ ఉన్నారు.

చేతిపని ఉన్నవాడికి మాత్రం ట్రేడ్ టెస్టు ఉంటుంది. విశాఖపట్నం షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారాల్లో చేయి తిరిగిన వెల్డర్లకీ, ఫిట్టర్లకీ ఇది కొట్టిన పిండి. పైపుని నలభై అయిదు డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు. వెల్డరు దాని చుట్టూ తానే తిరుగుతూ, ఒంగుతూ, కింద నుంచి పైకి అతుకు వేసుకు రావాలి. దీన్ని సిక్స్ జీ అంటారు. లోపలి పొర ఆర్గాన్‌తో, పైన ఆర్కుతో. తర్వాత ఎక్స్‌రే ఫిల్ము తీస్తారు. అందులో చిన్న గాలిబుడగ కనిపించినా మాటల్తో తప్పించుకోవడం కుదరదు. అందుకే వెల్డర్లు పరీక్షకి వారం ముందు నుంచి ఏదో ఒక వర్క్‌షాపులో పాత పైపు ముక్కలు అతుకుతూ సాధన చేస్తారు. ఫిట్టరైతే ఐసోమెట్రిక్ డ్రాయింగు చదవడం నెమరు వేసుకుంటాడు. ఈ పరీక్షలో ఒక న్యాయం ఉంది. చేతిలో పని ఉన్నవాడికి సిఫారసు అక్కర్లేదు. జీతం గురించి ధైర్యంగా నోరు విప్పి అడిగింది కూడా ముందు ఈ వెల్డర్లే.

గ్యాస్ తెచ్చిన ఉద్యోగాలు

ఖతార్ ఉత్తరాన సముద్రం అడుగున ఉన్న నార్త్ ఫీల్డ్ గ్యాస్ నిక్షేపం 1971లోనే బయటపడింది. ఆ గ్యాస్‌ని ద్రవంగా మార్చి ఓడలో జపానుకి పంపడానికి 1996 దాకా పట్టింది. ఆపైన పరుగే పరుగు. 2010 చివరికి ఏడాదికి 7.7 కోట్ల టన్నుల ఉత్పత్తి సామర్థ్యం వచ్చింది. రాస్ లఫాన్‌లో షెల్ కట్టిన పెర్ల్ కర్మాగారం ఒక్కదాని నిర్మాణంలోనే ఒక దశలో యాభై వేల మందికి పైగా పనిచేశారు.

దీంతో మన ఇంజనీర్లకి, ఇన్‌స్పెక్టర్లకి, సేఫ్టీ ఆఫీసర్లకి గిరాకీ వచ్చింది. హైదరాబాదు హోటళ్ళలో ఆదివారాలు ఇంటర్వ్యూలు పెట్టేవారు. లోపలి నుంచి బయటికి వచ్చినవాడి చుట్టూ పదిమంది మూగి "ఏం అడిగారండీ?" అని ఆరా తీయడమే అప్పటి కోచింగు. ప్రశ్నలు కూడా తిరిగి తిరిగి అవే వచ్చేవి. పైపింగ్ ఇంజనీరుని హైడ్రోటెస్టు ఒత్తిడి డిజైన్ ఒత్తిడికి ఎన్ని రెట్లని అడుగుతారు. ఒకటిన్నర అని ఠక్కున చెప్పాలి. సేఫ్టీవాడిని విషవాయువు సైరన్ మోగితే ఎటు వెళ్ళాలని అడుగుతారు. ముందు గాలిసంచీ వైపు చూసి, గాలికి అడ్డంగా గానీ ఎదురుగా గానీ వెళ్ళాలి తప్ప గాలి వాలున పరిగెత్తకూడదు. నార్త్ ఫీల్డ్ గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది కాబట్టి ఈ జవాబు మార్కుల కోసం కాదు, ప్రాణం కోసం.

ప్రశ్నలకి సిద్ధమైనంత శ్రద్ధగా ఉద్యోగాన్ని తూచినవాళ్ళు తక్కువ. నెలకి ఎంత అన్నదొక్కటే చూసేవారు. తెలిసినవాళ్ళు చూసేది బేసిక్ ఎంత అని. 2004 నాటి ఖతార్ కార్మిక చట్టం ప్రకారం ఏడాది సర్వీసుకి కనీసం మూడు వారాల బేసిక్ గ్రాట్యుటీగా రావాలి. మొత్తం 5000 రియాల్స్‌లో బేసిక్ 2000 అని రాస్తే ఏడాదికి వచ్చే గ్రాట్యుటీ 1400. మొత్తం బేసిక్‌గానే రాస్తే 3500. ఓవర్‌టైము కూడా బేసిక్ మీదే లెక్క. జీతం ఒకటే, రాసే తీరులో తేడా అన్నమాట.

షట్‌డౌన్ పనులది మరో లెక్క. ప్లాంటు ఆపి మరమ్మతు చేసే రెండు నెలలకి మాత్రమే మనిషిని తీసుకుంటారు. గంటకింత అని చూస్తే జీతం ఘనంగా ఉంటుంది. మిగతా పది నెలలు ఏమిటన్నది ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పరు. అది మనమే వేసుకోవలసిన లెక్క.

అప్పు అనే అసలు యజమాని

2000 దశకం మధ్యలో రియాల్ అంటే మన 12 రూపాయలు. ఉదాహరణకి నెలకి 600 రియాల్స్ జీతం అనుకుందాం, 7200 రూపాయలు. తిండికి 200 రియాల్స్ తీస్తే మిగిలేది 4800. వీసాకి చేసిన అప్పు లక్ష, నూటికి మూడు రూపాయల వడ్డీ. మొదటి నెల వడ్డీయే 3000. ఇంటికి ఒక్క రూపాయి పంపకుండా కట్టుకుంటూ పోయినా ఆ అప్పు తీరడానికి 33 నెలలకి పైగా పడుతుంది. కాంట్రాక్టేమో రెండేళ్ళు! ఖతార్ చట్టం కార్మికుడి దగ్గర నియామకం ఖర్చు వసూలు చెయ్యకూడదనే చెబుతోంది. మన దేశంలో ఏజెంటు తీసుకోగలిగే రుసుముకీ పరిమితి ఉంది. కానీ ఈ లెక్క కాగితం మీద వేసి చూపించే మనిషి ఊళ్ళో ఉండడు.

అప్పుతో దిగినవాడికి దోహాలో ఇంకో కాగితం ఎదురయ్యేది. బొంబాయిలో చూపిన జీతం ఒకటి, ఇక్కడ సంతకం పెట్టమన్నది ఇంకొకటి. ఎలక్ట్రీషియన్‌గా వచ్చినవాడు హెల్పరయ్యేవాడు. కాదని వెనక్కి వెళ్ళే దారి ఉందా అంటే, ఖఫీల్ ఒప్పుకోకపోతే దేశం దాటడానికి ఎగ్జిట్ పర్మిట్ దొరకదు. ఎన్ఓసీ లేకుండా కంపెనీ మారడం కుదరదు. మానేసి వెళ్ళిపోతే రెండేళ్ళ దాకా తిరిగి రాకూడదు. తెగించి బయటపడ్డవాడిని మనవాళ్ళు "ఖల్లివెల్లి అయ్యిండు" అంటారు. వినడానికి సరదాగా ఉన్నా, దాని అర్థం కాగితాలు లేని బతుకు. ఇళ్ళలో పనికి వెళ్ళిన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి అసలు ఇంటర్వ్యూయే లేదు. 2004 చట్టం వాళ్ళకి వర్తించలేదు. వాళ్ళ కోసం విడిగా చట్టం వచ్చింది 2017లో.

తలుపు తెరుచుకున్న తీరు

2010 డిసెంబరులో ఖతార్‌కి ప్రపంచ కప్ ఫుట్‌బాల్ దక్కింది. ప్రపంచం కళ్ళు స్టేడియంతో పాటు దాన్ని కట్టేవాడి మీదా పడ్డాయి. 2015లో జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న పద్ధతి వచ్చింది. 2016 డిసెంబరులో అమలైన కొత్త చట్టం రెండేళ్ళ నిషేధాన్ని తీసేసింది. 2018లో చాలామందికి ఎగ్జిట్ పర్మిట్ పోయింది. 2020లో ఇళ్ళలో పనిచేసేవాళ్ళకీ పోయింది. అదే ఏడాది ఎన్ఓసీ కూడా రద్దయింది. రెండేళ్ళ లోపు సర్వీసైతే నెల, ఆపైనైతే రెండు నెలల నోటీసిచ్చి కంపెనీ మారవచ్చు. 2021 మార్చి నుంచి కనీస వేతనం 1000 రియాల్స్, కంపెనీ పెట్టకపోతే వసతికి 500, తిండికి 300 అదనం.

2019 నుంచి హైదరాబాదులో ఖతార్ వీసా సెంటరు నడుస్తోంది. వేలిముద్రలు, వైద్య పరీక్ష, కాంట్రాక్టు మీద సంతకం అన్నీ విమానం ఎక్కకముందే జరిగే ఏర్పాటు. మన కథలో ఇది పెద్ద మలుపు. బొంబాయి కాగితం, దోహా కాగితం ఒకటే కావడానికి ఇన్నేళ్ళు పట్టింది. చట్టం వచ్చినంత మాత్రాన ప్రతి యజమానీ మారిపోడు, నిజమే. పైగా ఆ సెంటరులో కాంట్రాక్టు చదివే వేళకి మనవాడు ఏజెంటుకి డబ్బు కట్టేసి ఉంటాడు. నచ్చలేదని లేచి రావాలంటే అప్పు కాళ్ళకి అడ్డం పడుతుంది.

కాబట్టి అడగవలసినవి డబ్బు కట్టకముందే అడగాలి. బేసిక్ ఎంత? ఓటీ గంటకి ఎంత? వసతీ తిండీ ఎవరివి? వీసా ఏ కంపెనీ పేరు మీద? పని ఏమని రాశారు? ఏజెంటు లైసెన్సు నంబరెంత? శుక్రవారాలు సనయ్యాలోనో, వక్రాలోనో నలుగురు తెలుగువాళ్ళు కూర్చున్నచోట కొత్తగా రాబోయే తమ్ముడికి, బావమరిదికి ఫోనులో చెప్పే మాటలివే. ఎడారిలో పదేళ్ళు ఉండి నేర్చుకున్న ఈ ఆరు ప్రశ్నలు ఊళ్ళో సబ్ ఏజెంటు అరుగు మీద కూర్చున్నప్పుడే మనవాడి నోట రావాలి. అతను చుట్టమైనా సరే, మొహమాటపడకూడదు.